సిస్టర్ల స్కూల్లో చేర్చారా? డైరీలో రూల్స్ ఇలా చదవండి

జూన్‌లో స్కూళ్లు తెరిచిన మొదటి వారంలోనే బ్యాగులో కొత్త డైరీ ఇంటికొస్తుంది. మొదటి నాలుగైదు పేజీల్లో రూల్స్, ఆఖర్న తల్లిదండ్రుల సంతకానికి ఒక గీత. పొద్దున్నే టిఫిన్ డబ్బా, వాటర్ బాటిల్, బయట ఆటో హారన్ మధ్య చదివే తీరిక ఎవరికుంటుంది? సంతకం పెట్టి పంపేస్తారు. మళ్లీ ఆ పేజీ తిరగేసేది పిల్లాడు ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజునే.

నేను గుంటూరులో సిస్టర్లు నడిపే ఒక క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో రెండో తరగతి టీచర్‌ని. ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా ఏ వయసు పిల్లలు ఏ రూలు దగ్గర తడబడతారో రోజూ కళ్లారా చూస్తుంటాను. మా ఊళ్లో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ "అక్కడ డిసిప్లిన్ బాగుంటుంది" అనే మాట మీదే ఇలాంటి స్కూళ్లలో పిల్లల్ని వేస్తారు. ఆ మాట నిలబడాలంటే ఇంట్లోనూ బళ్లోనూ ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. పిల్లల చేతిలో లేని పనికి పిల్లల్ని దండించకూడదు. పిల్లల చేతిలో ఉన్న పనిని మనం చేసిపెట్టకూడదు.

అందుకే సంతకం పెట్టే ముందు ఒక పెన్సిల్ తీసుకోండి. ఒక్కో రూలు చదివి పక్కన చిన్న గుర్తు పెట్టండి. అది జరగడం మన మీద ఆధారపడి ఉంటే "పె", అంటే పెద్దలది. పిల్లాడు ఒక్కడే ఉన్నప్పుడు కూడా చేయగలిగితే "పి". స్కూలు తేల్చాల్సిందైతే "స్కూ". ఒకటి, రెండు తరగతుల పిల్లలకైతే సగానికి పైగా రూల్స్ పక్కన "పె" పడుతుంది. చేసి చూడండి, మీకే తెలుస్తుంది.

పెద్దల చేతిలో ఉన్నవి

అన్నింటికన్నా ముందు లేటు. ఆరేళ్ల పిల్లాడు బండి నడపడు. అరండల్‌పేట నుంచి వచ్చినా, కొత్తపేట నుంచి వచ్చినా, తొమ్మిదింటి ముందు మన రోడ్లు ఎలా ఉంటాయో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆటోలో వేస్తే ఆ ఆటో ఎన్ని ఇళ్ల ముందు ఆగి వస్తుందో, మీ ఇల్లు ఎన్నోదో కనుక్కోండి. చివరి ఇల్లు మీదైతే లేటు మీ పిల్లలకే పడుతుంది. లేటుగా వచ్చిన పిల్లల్ని గేటు బయట నిలబెట్టే పద్ధతి మీ స్కూల్లో ఉంటే మొదటి మీటింగ్‌లోనే మాట్లాడండి. లేట్ స్లిప్ మీద తల్లో తండ్రో సంతకం చేసి కారణం రాయాలి, పిల్లలు మాత్రం క్లాసుకు వెళ్లిపోవాలి. మా దగ్గర జరిగేది ఇదే. మూడు స్లిప్పులు పోగయితే ఆఫీసుకు పిలిచేది పెద్దవాళ్లనే.

ఇక యూనిఫాం. టై, బెల్టు, ఐడీ కార్డు, నల్ల బూట్లు, వారంలో ఒకరోజు తెల్ల డ్రెస్సు, తెల్ల కాన్వాస్ బూట్లు. రాత్రే తీసి కుర్చీ మీద పెట్టాలని అందరికీ తెలుసు. అది కాక ఇంకో సంగతి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఆ బట్టలు పిల్లలు తమంతట తాము విప్పుకోగలరా?

మా స్కూలు బెల్టుకు ముందు స్టీలు బకిల్, దాని మీద స్కూలు గుర్తు. కొక్కెం ఒక కంతలో దూరి ఉంటుంది, లోపలికి నొక్కి పక్కకు జరిపితేనే ఊడుతుంది. మనకది అరక్షణం పని. ఒంటేలు ఆపుకుంటూ బాత్రూం ముందు నిలబడ్డ ఆరేళ్ల పిల్లాడి వేళ్లకు లొంగదు. బెల్టు కింద ప్యాంటు హుక్కు, దాని కింద జిప్పు. ఈలోగా పని అయిపోతుంది. పిల్లాడు క్లాసుకు వచ్చి "నీళ్లు ఒలికాయి మేడం" అంటాడు, తల దించుకుని. ఆ రోజంతా పాఠం చెవికెక్కదు. రెండో రోజు నుంచి నీళ్లు తాగడం మానేస్తాడు, వాటర్ బాటిల్ నిండుగానే ఇంటికొస్తుంది. బాటిల్ నిండుగా తిరిగొస్తోందంటే ముందు బెల్టు సంగతి చూడండి.

దీనికి చేయాల్సింది చిన్నదే. స్కూలు తెరిచే ముందు ఆదివారం యూనిఫాం మొత్తం వేసి, పిల్లాడి చేతే బెల్టు, హుక్కు విప్పించండి. ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చేయించండి. రాకపోతే ప్యాంటుకు హుక్కు తీసేసి ఎలాస్టిక్ వేయించండి, పైన బెల్టు ఉంటే ఎవరికీ తెలియదు. బూట్లకు లేసులు కాకుండా అంటించే పట్టీ ఉన్నవి కొనండి. ఆడపిల్లలకు రెండు జడలు మడిచి రిబ్బను కట్టమంటారు. జుట్టు పొట్టిగా ఉంటే హెయిర్ బ్యాండ్ చాలని క్లాస్ టీచర్‌తో ముందే చెప్పుకోండి. బిగించి కట్టిన జడలకు మధ్యాహ్నానికి తలనొప్పి వస్తుంది, ఆ నొప్పిని పిల్లలు "చదువు ఇష్టం లేదు" అని చెబుతారు.

ఫీజు కూడా ఈ లెక్కలోదే. ఫీజు కట్టలేదని పిల్లల్ని క్లాసులో లేపి అడగకూడదు. అడిగితే అది పెద్దవాళ్ల మధ్య తేల్చుకోవాల్సిన విషయమని గట్టిగా చెప్పండి.

పిల్లల చేతిలో ఉన్నవి

ఇవి తక్కువే. లైనులో నడవడం, చెయ్యెత్తి మాట్లాడటం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఇతరుల వస్తువు తీయకపోవడం, జరిగింది జరిగినట్టు చెప్పడం. వీటిలో మనం జోక్యం చేసుకోకూడదు. హోంవర్కు మరిచిపోతే "నేనే మరిచిపోయా మేడం, రాయించలేదు" అని అమ్మ డైరీలో రాస్తుంది, పాపం ప్రేమతోనే. కానీ మూడో తరగతి వచ్చాక డైరీ చూసుకునే పని పిల్లలదే. ఒకసారి చెప్పనివ్వండి: "మరిచిపోయాను టీచర్, రేపు తెస్తాను." ఆ వాక్యం పలకడానికి ఎంత ధైర్యం కావాలో క్లాసులో నిలబడి చూస్తే తెలుస్తుంది.

మా స్కూల్లో ఇంటర్వెల్ అయ్యాక రెండుసార్లు గంట కొడతారు. మొదటి గంటకు ఎక్కడున్న వాళ్లు అక్కడ ఆగిపోవాలి. రెండో గంటకు లైనులోకి రావాలి. ఈ రెంటి మధ్య ఉన్న ఆ కొద్దిపాటి నిశ్శబ్దం చాలా విలువైనది. పరుగు తగ్గుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, ఎవరూ కేకలు వేయక్కర్లేదు. క్యాథలిక్ బడుల్లో ఇది పాత అలవాటు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పేద పిల్లలకు బడులు పెట్టిన సెయింట్ జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ దగ్గర టీచర్లు చిన్న చెక్క పరికరం వాడేవారు. దాన్ని టక్కుమనిపిస్తే ఏం చేయాలో పిల్లలకు తెలిసేది, టీచరు గొంతు పెంచే పని ఉండేది కాదు. 1950లో చర్చి ఆయన్ని టీచర్ల పాలక పునీతుడిగా, అంటే వాళ్లకు అండగా ఉండే సెయింట్‌గా ప్రకటించింది.

ఇంట్లో దీన్ని అలవాటు చేయడానికి గంట అక్కర్లేదు. అన్నానికి పిల్లల్ని ఒక్కసారే పిలవండి. రాకపోతే మీరు లేచి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి తీసుకురండి. పదిసార్లు అరిచే ఇంట్లో పెరిగిన పిల్లలు బళ్లోనూ పదో పిలుపు కోసమే ఎదురు చూస్తారు. ఇంకోటి, వద్దని చెప్పేదాన్ని చేయాల్సిన పనిగా మార్చి చెప్పండి. "మెట్ల మీద పరిగెత్తొద్దు" అంటే పిల్లాడికి పరుగే గుర్తుంటుంది. "ఎడమ చెయ్యి గోడకు ఆనించి నడువు" అంటే చేతికి పని దొరుకుతుంది, కాళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. వారానికి ఒక్క రూలు చాలు. అన్నీ ఒకేసారి నూరిపోస్తే ఏదీ నిలవదు.

రబ్బరు, పెన్సిలు, స్టిక్కర్ పోయే గొడవలు ప్రతి క్లాసులో ఉంటాయి. ఇక్కడ వయసు చూడాలి. ఏడేళ్లు నిండిన పిల్లలకు మంచీచెడూ తెలిసే బుద్ధి వచ్చినట్టు లెక్క అని చర్చి చట్టంలో 97వ నిబంధన చెబుతుంది. పోపు పదో పయస్ 1910లో మొదటి సత్ప్రసాదానికి (పూజలో పిల్లలు మొదటిసారి ప్రసాదం తీసుకోవడానికి) ఆ వయసునే లెక్కలోకి తీసుకున్నారు, దానికి ముందు పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడం కూడా అప్పుడే. నాకు క్లాసులో ఈ గీత చాలా పనికొస్తుంది. ఒకటో తరగతి పిల్ల పక్క పిల్ల రబ్బరు జేబులో వేసుకుంటే, "ఇది ఎవరిది? పద, ఇచ్చేద్దాం" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఇప్పించడమే. అంతటితో అయిపోవాలి. మూడో తరగతి పిల్లైతే తనే వెళ్లి ఇచ్చి, తన నోటితో సారీ చెప్పాలి, పోగొడితే తన దగ్గరున్న దాంట్లోంచి ఇవ్వాలి. ఏ వయసులోనైనా "దొంగ" అనే మాట మాత్రం వాడకూడదు. క్లాసులో ఒకసారి ఆ పేరు పడితే ఐదో తరగతి దాకా వదలదు.

ప్రార్థన, బొట్టు, మాల

కొత్తగా వచ్చిన పేరెంట్స్ అడగాలనుకుని అడగలేకపోయే విషయం ఇదే. నేను క్యాథలిక్‌ని, నా క్లాసులో సగంమందికి పైగా కాదు. కాబట్టి సూటిగానే చెబుతాను.

రాజ్యాంగం 28వ అధికరణంలోని మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ సాయం తీసుకునే స్కూల్లో మైనర్ పిల్లలను మతబోధకో, ఆరాధనకో కూర్చోబెట్టాలంటే వాళ్ల సంరక్షకుల అంగీకారం ఉండాలి. 2024 ఏప్రిల్‌లో భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య తన స్కూళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దనీ, పొద్దున అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశిక చదివించమనీ ఉంది. మామూలుగా క్యాథలిక్ పిల్లలకు సత్యోపదేశం (మత పాఠం) జరిగే పీరియడ్‌లో మిగతావాళ్లకు మోరల్ సైన్స్ ఉంటుంది. అసెంబ్లీలో పరలోక జపం (యేసు నేర్పిన ప్రార్థన) చదివేటప్పుడు మీ పిల్లలు చేతులు జోడించాలా, సిలువ గుర్తు వేయాలా అనేది మీ ఇష్టం. నేనైతే నా పిల్లలకు చెప్పేది ఇంతే: పక్కవాళ్లు దేవుణ్ణి తలుచుకుంటున్నప్పుడు మాట్లాడకుండా నిలబడాలి. ఆ మర్యాద పండగనాడు మసీదు ముందు, గుడి ముందు కూడా వర్తిస్తుంది.

బొట్టు, గాజులు, గోరింటాకు. అట్లతద్దికి చేతులు ఎర్రగా పండించుకుని వచ్చిన పిల్లని లైనులోంచి బయటికి లాగితే ఆ పండగ సంతోషం అక్కడే పోతుంది. గాజు గాజులు ఆటల్లో పగిలి గుచ్చుకుంటాయి, అది భద్రత కోసం పెట్టిన రూలు, పాటించాలి. గోరింటాకు ఎవరికీ గుచ్చుకోదు. బొట్టు అసలే గుచ్చుకోదు. తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వచ్చిన పిల్లాడికి వారం పది రోజులు టోపీ పెట్టుకోనివ్వమని అడగండి, ఏ టీచరూ కాదనదు.

నవంబరు నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు వస్తారు. ఇక్కడే ఎక్కువ గొడవలు జరుగుతాయి, అన్నీ ముందుగా చెప్పకపోవడం వల్లే. మాల వేయడానికి ముందురోజే డైరీలో రాయండి:

"టీచర్ గారికి, మా అబ్బాయి రేపటి నుంచి అయ్యప్ప దీక్షలో ఉంటాడు. యూనిఫాం వేసుకునే వస్తాడు. మెడలో మాల, నల్ల కండువా ఉంటాయి. కాళ్లకు బూట్లు వేసుకోడు. మధ్యాహ్నం భోజనం మాంసాహారం తెచ్చుకునే పిల్లలకు కొంచెం దూరంగా కూర్చోనివ్వండి. ఇరుముడి అయ్యాక మళ్లీ రాస్తాను."

ఇలాంటి ఉత్తరం చేతిలో ఉంటే హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌తో మాట్లాడటం నాకు సులువు. క్లాసు పిల్లలు మొదటి రోజే "స్వామీ" అని పిలవడం మొదలుపెడతారు, వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. రంజాన్ ఉపవాసం ఉంటామనే పిల్లల గురించి కూడా రాయండి. ఆ రోజుల్లో డ్రిల్ పీరియడ్‌లో నీడన కూర్చోబెడతాం.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలకు వెళ్లే కుటుంబాలు చాలానే ఉంటాయి, క్యాథలిక్కులు కానివాళ్లు కూడా. జ్వరమని అబద్ధం రాయకండి, పిల్లలు చదువుతారు. "గుణదల వెళ్తున్నాం" అని రాస్తే చాలు.

శిక్షల సంగతి

పేరెంట్స్ మీటింగ్‌లో నాన్నగార్లు నవ్వుతూ అంటారు: "మాట వినకపోతే నాలుగు తగిలించండి మేడం, మేమేమీ అనుకోం." పిల్లాడు పక్కనే నిలబడి వింటుంటాడు. దయచేసి ఆ మాట అనకండి. ఇంట్లో "ఉండు, సిస్టర్‌కి చెప్తా" అని బెదిరించడం కూడా మానేయండి. రేపు పిల్లాడికి దెబ్బ తగిలినా, ఎవరైనా ఏడిపించినా చెప్పుకోవాల్సింది ఆ సిస్టర్‌కే. భయపెట్టిన మనిషి దగ్గరికి పిల్లలు వెళ్లరు.

చట్టం ఏం చెబుతుందో తెలిసి ఉండాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. క్యాథలిక్ స్కూళ్లలాంటి మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దాన్ని పట్టుకుని కొట్టొచ్చని ఎవరైనా అంటే అది తప్పు. 2015 నాటి బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద, పిల్లలు ఎవరి అధీనంలో ఉన్నారో వాళ్లు దాడి చేసినా, అనవసరంగా శరీరానికో మనసుకో బాధ కలిగించినా నేరమే. బెత్తం, చెవి మెలేయడం, తొడపాశం, గోడకుర్చీ, గుంజీలు, మోకాళ్ల మీద నిలబెట్టడం ఏవీ ప్రైమరీ క్లాసులో ఉండకూడదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక గుంటూరు ఎండలో నిలబెట్టడం ప్రాణాలతో చెలగాటమే.

దెబ్బ లేకపోతే క్లాసు అదుపులో ఉండదనే టీచర్లకు మా సంప్రదాయంలోనే జవాబుంది. ఇటలీలోని టూరిన్‌లో వీధి పిల్లలను చేరదీసిన డాన్ బోస్కో (1815–1888) తప్పు జరిగాక దండించడం కన్నా జరగకుండా పక్కనే ఉండటం మేలన్నాడు. కారణం చెప్పడం, దైవభక్తి, ఆప్యాయత, ఈ మూడూ ఆయన పద్ధతికి పునాది. నేను చేసేదీ అదే. ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూముకు వెళ్లకుండా కుళాయి దగ్గర నిలబడతాను, ఎందుకంటే తోపులాటలన్నీ అక్కడే మొదలవుతాయి. నీళ్లు ఒలకబోస్తే గుడ్డ ఇచ్చి తుడిపిస్తాను. పక్కవాడి పుస్తకం చింపితే ఇద్దర్నీ కూర్చోబెట్టి అతికిస్తాను. బోర్డు మీద మాట్లాడిన వాళ్ల పేర్లు రాయమని క్లాస్ లీడర్‌కు చెప్పను, ఏడేళ్ల పిల్ల చేతికి తోటి పిల్లల మీద అంత అధికారం ఇవ్వకూడదు.

తెలుగు మాట్లాడితే ఫైన్ అనే రూలు మీ డైరీలో ఉంటే పక్కన "స్కూ" అని రాసి మీటింగ్‌లో లేవనెత్తండి. కనీసం రెండో తరగతి దాకా దాన్ని తీసేయమని అడగండి. కడుపునొప్పి అని ఇంగ్లీషులో చెప్పడం రాక, తెలుగులో చెబితే ఫైన్ పడుతుందని నోరు మూసుకుని కూర్చునే పిల్లలు ఉంటారు. నొప్పి, భయం, బాత్రూం, ఈ మూడు విషయాలు పిల్లలు ఏ భాషలోనైనా చెప్పే వీలుండాలి.

ఎవరైనా కొట్టారని పిల్లలు చెబితే

ముందు క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లండి, కొట్టింది ఆమే అయితే నేరుగా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌ను కలవండి. నోటిమాటతో వదిలేయకుండా కాగితం మీద రాసిచ్చి, ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. అక్కడ తేలకపోతే స్కూలు కరస్పాండెంట్, ఆ పైన మండల విద్యాశాఖాధికారి, జిల్లా విద్యాశాఖాధికారి. దెబ్బ గట్టిదైతే ఈ వరస చూడక్కర్లేదు. డాక్టరుకు చూపించి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

రాసేటప్పుడు తేదీ, పీరియడ్, పిల్లలు చెప్పిన మాటలు వాళ్ల మాటల్లోనే ఉండాలి. "మేడం స్కేలుతో ఇక్కడ కొట్టింది" అంటే అలాగే రాయండి, మీ కోపం అందులో కలపకండి. చుట్టాల ముందు, ఫోన్లో, గేటు దగ్గర పిల్లాడి చేత మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. మొదటిసారి చెప్పింది రాసుకున్న ఆ కాగితం పట్టుకుని మీరు వెళ్లండి, ఆ పూటకు పిల్లల్ని ఇంట్లోనే ఉంచండి.